పొద్దున్నే అడగాల్సిన మాట

ఈరోజు సైటులో కాంక్రీటు కలిపే మిల్లరు తిరుగుతూ తిరుగుతూ ఉన్నట్టుండి ఆగిపోయింది. కాసేపటికి డ్రైవరు బెల్టు సరిచేసి మళ్లీ తిప్పాడు, అందరూ తట్టలెత్తుకున్నారు. నేను మాత్రం సుంకమ్మక్క ధ్యాసలోనే ఉండిపోయాను.

రెండువేల సంవత్సరం దాటిన తర్వాత వచ్చిన కరువుల్లో మా వేరుశనగ చేను ఊడలు దిగకముందే ఎండిపోయింది. మా ఊరి ఆడవాళ్లం రాప్తాడు మీదుగా పోయే పొద్దుటి బస్సెక్కి అనంతపురంలో కాంక్రీటు పనికి పోయేవాళ్లం. సుంకమ్మక్క మా ముఠాకు పెద్ద. నవ్వడం తక్కువ. బస్సులో కిటికీ పక్క సీటు ఎవరికీ ఇచ్చేది కాదు కానీ, తన సద్దిలో సగం ఎవరో ఒకరికి పెట్టేది. ఆ పనికి ఎక్కే వేళ ఉండేది, దిగే వేళ ఉండేది కాదు. శ్లాబు మొదలుపెడితే మధ్యలో ఆపకూడదు. ఆపితే అతుకు దగ్గర నీళ్లు కారతాయి. అందుకని పూర్తయ్యేదాకా ఎవరూ కదలకూడదనేవాళ్లు.

ఒక కాలేజీ శ్లాబు రోజు మధ్యాహ్నం మిల్లరు చెడిపోయింది. బాగయ్యేసరికి పొద్దు వాలింది. ఇంటిదగ్గర నా చంటిబిడ్డ మా అత్త చేతిలో ఉన్నాడు. ఆఖరి బస్సు పోతే వాడికి పాలు లేవు. రొమ్ములు గట్టిపడి, తట్ట ఎత్తిన ప్రతిసారీ ప్రాణం పోతున్నట్టుండేది. రవిక తడిసింది. సిగ్గుతో కొంగు లాక్కుంటుంటే సుంకమ్మక్క చూసింది. నేరుగా కాంట్రాక్టరు దగ్గరికి పోయింది.

"ఏమప్పా, ఈ పిల్లను పంపీల్ల. చంటిబిడ్డ తల్లి."

"ఒకరు పోతే అందరూ పోతామంటారు. తట్టలు మోసే ఆ మెట్ల వరసలో ఎవరు నిలబడతారు?"

"నేను నిలబడతా." నావైపు తిరిగి, "పో మే, బస్సు పోతాది," అంది. అప్పటిదాకా ఆమె కింద తట్టలు నింపుతోంది. ఆ వయసులో చెక్కల మెట్లెక్కి మోయడం ఎప్పుడో మానేసింది. నేను రోడ్డుదాకా పరుగెత్తాను.

మర్నాడు బస్సు దగ్గరికి ఆమె రాలేదు. డ్రైవరు హారన్ కొడుతున్నా నేను ఆమె వచ్చే సందువైపే చూస్తూ నిలబడ్డాను. రాత్రి అక్కడే ఉన్న ఒకామె చెప్పింది, చీకట్లో మెట్ల మీదనుంచి పడిందని. పనికి పోకుండా ఆసుపత్రికి పోయాను. కుడి చేతికి కట్టు. ముఖం వాచింది.

"బిడ్డ పాలు తాగినాడా?" అని అడిగింది. నాకు ఏడుపొచ్చింది.

"నా వల్లే కదక్కా."

"నీ వల్ల యాడిది? పొద్దుట్నుంచి నిలబడి నిలబడి కాళ్లు చెప్పినమాట ఇనలేదు. ఒకటి మాత్రం నేను తప్పు చేసినా. ఎన్నింటికి దించుతావని పొద్దున్నే అడగల్ల. సాయంత్రం అడిగితే అది బతిమాలుకునేదే."

ఆ చెయ్యి సరిగా అతకలేదు. తర్వాతి శ్లాబుకు ఆమె రాలేకపోయింది. అడగాల్సింది నేనే అయింది. గేటు బయట మాలాంటి కరువు జనమే పనికోసం నిలబడి ఉన్నారు. మేం కాదంటే వాళ్లు లోపలికొస్తారు. అయినా అడిగాను.

"ఎన్నింటికి దించుతావన్నా?"

"గడియారం కట్టుకోని వచ్చినావా?" అన్నాడు కాంట్రాక్టరు.

"లేదన్నా. బస్సు ఉండాది. పొద్దు గుంకితే ఇంగో ముఠాను పెట్టుకో. మేం దిగుతాం."

గేటు బయటి జనంవైపు ఒకసారి, మావైపు ఒకసారి చూశాడు. చివరికి సరేనన్నాడు, ఆరోజు వెలుతురుండగానే దిగాం. కానీ ఇంకొకచోట అదే మాట అడిగితే గేటు చూపించారు. అందరం ఖాళీ చేతులతో తిరిగొచ్చాం. దారిలో ఎవరూ నాతో మాట్లాడలేదు. సుంకమ్మక్కకు చెబితే, "అట్ల గూడా అయితాది," అని, పని మానినప్పటినుంచి కాస్తున్న మేకలను తోలుకుపోయింది. మళ్లీ తట్ట ముట్టకుండానే కొన్నేళ్లకు చనిపోయింది.

ఇప్పుడు ముఠాకు నేనే పెద్ద. కొత్త సైటుకు పోతే గేటు దగ్గరే దిగే వేళ అడుగుతాను. ఇన్నేళ్లయినా, అవతలివాడు జవాబు చెప్పేదాకా వెనక్కి తిరిగి చూడను. నా వెనక నిలబడ్డ మా ముఠావాళ్లలో, జవాబు రాకముందే ఎవరి కాళ్లు గేటులోపలికి కదులుతున్నాయో చూస్తే, నాకూ మాట మార్చాలనిపిస్తుందని భయం.