మొలకెత్తని కుండ

మా పెద్దమ్మ పోయిన మంగళవారం కన్నుమూసింది. మదురై ఆసుపత్రి నుంచి ఫోను వస్తే నమ్మలేదు. ఎవరి మాటా వినని మనిషి, యముడి మాట మాత్రం ఎందుకు వింటుందనుకున్నాను.

చిన్నమనూరు దగ్గర మా వీధిలో మాట్లాడేది తెలుగు, చదివేది అరవం. పెద్దమ్మకు ఏ చదువూ రాదు. కాగితం వస్తే నాతో చదివించుకునేది. నచ్చకపోతే నేనే తప్పు చదివానని తిట్టేది.

ఊరి పక్కన అద్దకం మిల్లు వచ్చాక ఆమె బావి నీళ్ళు చేదెక్కాయి, కొబ్బరి పూత రాలిపోయింది. ఆ ఏడాదే మిల్లువాళ్ళు నున్నటి పుస్తకం పంచారు. తాము వదిలేది శుద్ధి చేసిన నీరేననీ, పంటలకు వాడుకోవచ్చనీ రాశారు. అట్ట మీద పచ్చటి పొలం. చదివి వినిపించాను.

"పుస్తకంలో పచ్చగా ఉండాది, సరి. మన తోట ఎందుకు ఎండతా ఉండాది?" అంది.

అమ్మవారి పండగకు మా ఆడవాళ్ళు కుండల్లో నవధాన్యాలు చల్లి, మొలిచాక నెత్తిన పెట్టుకుని గుడికి వెళతారు. ములైపారి అంటాం. కుండ మొలవకపోతే ఆ ఇంటికి కీడని భయం. ఆ ఏడు పెద్దమ్మ రెండు కుండలు పెట్టింది. ఒకదానికి ఎగువ ఊరి నీళ్ళు, రెండోదానికి పంచాయతీ ప్రెసిడెంటు ఎదుటే పట్టిన మిల్లు గొట్టం నీళ్ళు.

"వద్దక్కా, మొలవకుంటే ఊరు నిన్నే అంటాది," అని మా అమ్మ వణికింది.

"అది అమ్మోరి కుండ కాదే, మిల్లోళ్ళది. కీడు వాళ్ళకే పోనీ."

గ్రామసభలో మిల్లు అధికారి ఆ పుస్తకమే చదువుతుంటే, పెద్దమ్మ రెండు కుండలూ తెచ్చి తాలూకా అధికారి బల్ల మీద పెట్టింది. ఒకదాంట్లో జానెడు మొలకలు. రెండోదాంట్లో కుళ్ళిన గింజలు. మిల్లు అధికారి గింజల మీద నెపం వేశాడు.

"అట్టయితే మీ గింజలు, మీ కుండ, మీ గొట్టం నీళ్ళు. అందరి ముందర మీరే చల్లండి సారూ," అంది పెద్దమ్మ. ఆ మాటే నేను ఆయనకు అరవంలో చెప్పాను, గొంతు కొంచెం పెంచే చెప్పాను. ఆయన పుస్తకం మూశాడు. సభంతా చప్పట్లు. నేను ఈల కూడా వేశాను, సిగ్గేమీ లేదు.

తర్వాత నీళ్ళు పరీక్షకు వెళ్ళాయి, మిల్లుదే తప్పని తేలింది. ఊరందరి ముందూ గొట్టానికి సిమెంటు పెట్టి మూసేశారు. రెండు వానాకాలాలకు బావి తేరుకుంది.

మాలో పోయినవాళ్ళ చివరి స్నానానికి సొంత బావి నీళ్ళు తేవాలి. చేదు రోజుల్లో పోయిన పెదనాన్నకు లారీ నీళ్ళు పోశాం. పెద్దమ్మకు మాత్రం ఆమె బావి నుంచే బిందెలు మోసుకొచ్చాం. మొదటి బిందె నేను పోశాను. తెల్ల జుట్టు మీదుగా, మూసిన కళ్ళ మీదుగా నీళ్ళు తేటగా జారాయి.