డ్రయ్యరు చుట్టూ తిరిగిన కాలిన వాసన

ఆ వాసన మొదట నాకే తగిలింది. నాకు ముక్కు మీదే కోపం ఉంటుందనీ, అందుకే వాసనలు కూడా అందరికంటే ముందు తెలుస్తాయనీ మా ఆవిడ ఎత్తిపొడుస్తూ ఉంటుంది. బ్రాడీపేటలో మా ఇంటి వెనక వరండాలో, కొత్తగా పెట్టిన బట్టలారబెట్టే డ్రయ్యరు దగ్గర, బాణలిలో నూనె మరీ కాగినప్పటి వాసన వచ్చింది. ఇంకాస్త ఉంటే మాడిపోతుందనిపించే వాసన.

“ఏమే, పొయ్యి మీద ఏమన్నా పెట్టి మర్చిపోయావా?” అని కేకేశాను.

“పొయ్యి ఎప్పుడో కట్టేశానండీ. పాపకి సాంబ్రాణి వేశా కదా, అదే అయ్యుంటది,” అంది వంటింట్లోంచి.

నిజమే అనుకున్నాను. మా అమ్మాయి పురిటికి వచ్చి ఉంది. ఆడపిల్ల పుట్టింది. బారసాల కాలేదు గనక అందరికీ అది ఇంకా పాపే. రోజూ పొద్దున్నే మా ఆవిడ దాన్ని కాళ్ల మీద పడుకోబెట్టుకుని, నువ్వుల నూనె ఒళ్లంతా పట్టించి, పాత నేత చీరలు చింపిన మెత్తటి గుడ్డలతో ఆ జిడ్డంతా తుడిచి, నీళ్లు పోసి, నిప్పుల మీద సాంబ్రాణి వేసి పొగ పడుతుంది. మధ్యాహ్నం దాకా ఇల్లంతా ఆ పొగ వాసనే. అలాంటి ఇంట్లో ఇంకేదో కాలుతోందని నేనంటే ఎవరు వింటారు?

డ్రయ్యరు మాకు అక్కరకొచ్చిన వస్తువే, కాదనను. ఆ ఏడు కార్తీకం వెళ్లిపోయినా వాన వదల్లేదు. మా ఊళ్లో పత్తి చేల మీదే తడిసి నల్లబడుతోందని తమ్ముడు ఫోన్ చేసి ఏడ్చినంత పని చేశాడు. ఇక్కడేమో పసిపిల్ల గుడ్డలు ఆరవు. పొద్దు వాలాక అవి బయట ఉండకూడదు, మీదుగా పక్షి ఎగిరితే పిల్లకి దోషమని మా ఆవిడ పట్టుదల. పగలు ఎండ లేదు, సాయంత్రం బయట వెయ్యకూడదు. ఫ్యాను కింద తాళ్లు కట్టి ఆరేస్తే హాల్లో తల వంచుకుని నడవాల్సి వచ్చేది. ఒంగోలు నుంచి చూడటానికి వచ్చిన అల్లుడు ఆ తంతు చూసి, అప్పటికప్పుడు బజారుకి వెళ్లి ఈ మిషన్ కొని పంపించాడు.

దానికి డాక్టరుగా నన్ను నేనే నియమించుకున్నాను. రిటైరైన దగ్గర్నుంచీ ఇంట్లో మిక్సీ, మోటారు, ఫ్యాను ఏది మూలిగినా స్క్రూడ్రైవరు పట్టుకుని బయల్దేరేది నేనే. మొదట్లో బట్టలు ఎంతసేపు తిప్పినా తడితడిగానే వచ్చాయి. వెనక వేడిగాలి బయటికి పోయే గొట్టం గోడకి నొక్కుకుని మడత పడింది. మిషన్ ముందుకి జరిపి దాన్ని సాపు చేశాను. తర్వాత తిరిగేటప్పుడు దబదబ చప్పుడు మొదలైంది. ఒక కాలు నేలకి ఆనడం లేదని కనిపెట్టి, దాని కిందున్న మర తిప్పి ఎత్తు సరిచేశాను. ఇక నా అంతటి వాడు లేడని విర్రవీగాను.

“మీకు మనవరాలి కంటే ఆ మిషనే ముద్దు,” అనేది మా ఆవిడ.

కానీ వాసన పోలేదు. బట్టలు వేసిన ప్రతిసారీ, ఆరడం పూర్తయ్యే వేళకి నెమ్మదిగా లేచేది. మిషన్ తలుపు కింద జాలీ ఉంటుంది, బట్టల నుంచి రాలే నూగు దాన్లో చేరుతుంది. అది పోగైతే గాలి ఆడక లోపల వేడి పెరుగుతుంది. దాన్ని ప్రతిసారీ దులిపాను. దూదిలా మెత్తగా ఉండాల్సిన నూగు వేళ్లకి జిడ్డుగా అంటుకునేది. పసిపిల్ల గుడ్డలు కదా, అలాగే ఉంటుందిలే అనుకుని చెయ్యి కడుక్కున్నాను. సబ్బుపొడి పిల్ల ఒంటికి పడదని మా ఆవిడ ఆ గుడ్డల్ని కుంకుడు రసంలో జాడించి తీసేది. అంత నూనె కుంకుడు రసానికి పోతుందా లేదా అని ఎవరం ఆలోచించలేదు.

ఒకరోజు ప్లగ్గు పీకేసి, వెనక రేకు మొత్తం విప్పాను. వేడి పుట్టించే తీగచుట్ట చుట్టూ నూగు పేరుకుని ఉంది. పెయింటు బ్రష్షుతో సందుసందునా ఊడ్చాను. దొరికిందిరా దొంగ అనుకుని సంబరపడ్డాను. మర్నాడు వాసన మామూలుగానే వచ్చింది.

కంపెనీ మెకానిక్కుని పిలిపించాను. అతను మీటరు పెట్టి చూశాడు. వేడి ఎక్కువైతే ఆపేసే స్విచ్చు పనిచేస్తోంది, బెల్టు బాగుంది, వైరు ఎక్కడా కాలలేదు. చేతులు తుడుచుకుంటూ, “మిషన్లో ఏం లేదు సార్. వాసన ఇంకెక్కడి నుంచన్నా వస్తందేమో చూసుకోండి,” అన్నాడు.

“నా ముక్కుకి రోగమంటావా అయితే?” అని అతని మీద విరుచుకుపడ్డాను. పాపం, అతను తలవంచుకుని వెళ్లిపోయాడు.

అతని మాటే నిజమైతే ఎలా అన్న భయం ఆ తర్వాత పట్టుకుంది. ఎందుకంటే మిషన్ ఆగి చల్లారిన గంటల్లో కూడా నాకు ఆ వాసన తగలడం మొదలుపెట్టింది. అదీ వరండాలో కాదు, అమ్మాయి గదికి వెళ్లే నడవలో. ఉన్నట్టుండి వచ్చేది, గట్టిగా పీల్చి చూస్తే పోయేది. స్విచ్చుబోర్డుల మీద అరచెయ్యి ఆనించి చూశాను. ఫ్రిజ్ వెనక దూరాను. పిల్లిలా ఇల్లంతా మూలమూలా వాసన చూస్తూ తిరిగాను. ఒక గుడ్డ మధ్యలో లేత గోధుమరంగు మరక కనిపిస్తే మా ఆవిడకి చూపించాను. “నూనె మరక అండీ, ఏందీ చాదస్తం!” అని నా చేతిలోంచి లాక్కుని మడతపెట్టింది.

నా దిగులు పాప గురించి. వరండాకీ అమ్మాయి గదికీ మధ్య ఒక్క గోడే అడ్డం. లోపల తల్లీ బిడ్డా ఆదమరిచి నిద్రపోతుంటారు. ఏ క్షణాన ఏమవుతుందోనని నాకు అన్నం సహించేది కాదు. ముందు గదిలోకి మారమ్మా అని అమ్మాయికి చెప్పాను. మా ఆవిడ ఒప్పుకోలేదు.

“వీధి గాలి కొడతది ఆ గదిలో. బాలింతని అట్టా పడుకోబెడితే రేపు దానికి వాతం చేస్తే మీరు చూస్తారా?” అంది.

“తగలబడితే నువ్వు చూస్తావా?” అన్నాను.

“పురిటింట్లో ఏం మాటలండీ అవి!” అని కళ్లనీళ్లు పెట్టుకుంది. పంతం కొద్దీ డ్రయ్యరు తిరిగినంతసేపూ దాని ముందే కుర్చీ వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టాను. అది ఆగగానే ప్లగ్గు పీకేసేవాణ్ణి. నిప్పు ఎక్కడైనా రాజుకుంటే ఆ పెట్టెలోనే రాజుకుంటుందని నా నమ్మకం.

ఆ రోజు వాన మరీ ముసురుపట్టింది. వసారాలో పెట్టిన బొగ్గులు తడిసిపోవడంతో పాపకి సాంబ్రాణి వెయ్యలేదు. భోజనాలయ్యేసరికి రెండు రోజుల గుడ్డలు ఒకేసారి ఆరి వచ్చాయి. మామూలుగా చివర్లో కాసేపు చల్లగాలితో తిప్పి గానీ మిషన్ ఆగదు. ఆ చల్లగాలి తిరిగేలోపే అమ్మాయి వచ్చి, వేడివేడిగా అన్నీ తీసి బుట్టలో కుక్కుకుని తన గదిలోకి పట్టుకెళ్లింది. రోజూ అంతే. గుడ్డ వెచ్చగా తగిలితే పాప హాయిగా పడుకుంటుందని దాని సంతోషం. నేను ప్లగ్గు పీకి, మిషన్ చల్లబడిందాకా చూసి, వచ్చి పడక్కుర్చీలో వాలాను.

కునుకు పట్టబోతుండగా వాసన వచ్చింది. కప్పెయ్యడానికి సాంబ్రాణి పొగ లేకపోవడంతో ఈసారి అది స్పష్టంగా ఉంది. మాడిన నూనె, కాలిన నూలు. లేచి వరండాలోకి పరుగెత్తాను. డ్రయ్యరు చల్లగా ఉంది, తలుపు తీసి తల పెట్టి చూస్తే లోపల ఏమీ లేదు. వెనక్కి తిరిగి నడవలోకి వచ్చాను. అమ్మాయి గది గుమ్మం దగ్గర గొంతు మండింది.

తలుపు దగ్గరికి వేసి ఉంది. తోసుకుని వెళ్లాను. అమ్మాయి పక్కకి తిరిగి పడుకుని ఉంది, పక్కనే పాప. మంచం కింద నుంచి పల్చటి తెల్లని పొగ నేల మీదుగా పాకుతూ వస్తోంది. మోకాళ్ల మీద కూర్చుని చూస్తే, కంబళి కప్పిన వెదురు బుట్ట.

మాది మిరప పండించే ఇల్లు. కోసిన కాయ రంగు తిరగడానికి కుప్ప పోస్తే, చిన్నప్పుడు పూటపూటకీ మోచేతి దాకా చెయ్యి దూర్చి లోపల వేడి చూసేవాళ్లం. పైన చల్లగా ఉన్న కుప్ప లోపల ఉడికిపోతూ ఉంటుంది. ఆ అలవాటుతోనే కంబళి పక్క నుంచి చెయ్యి దూర్చాను. పై మడతలు గోరువెచ్చగా ఉన్నాయి. మణికట్టు దాటేసరికి వేళ్లు చురుక్కుమన్నాయి. గుడ్డల్లో మిగిలిన నూనె, పైన కప్పిన కంబళి, చల్లారని వేడి మూడూ కలిసి నడుమన రాజుకుంటున్నాయి.

విప్పి చూడాలనిపించింది గానీ, విప్పితే గాలి తగిలి భగ్గుమంటుందని ఆగాను. కంబళి అలాగే అదిమిపట్టి, బుట్ట గుండెలకి హత్తుకుని బయటికి నడిచాను. హాల్లో మా ఆవిడ ఎదురొచ్చింది.

“ఏందండీ అది, యాడికి?”

“తప్పుకో,” అన్నాను. నా మొహం చూసి పక్కకి జరిగింది.

పెరట్లో కుళాయి గట్టు మీద బుట్ట బోర్లించాను. గుడ్డలు మడతలు మడతలుగా జారిపడ్డాయి. పైవి తెల్లగా ఉన్నాయి, లోపలివి గోధుమరంగు, నడిమివి బొగ్గు. ఆ నల్లటి అంచుల వెంట ఎర్రటి గీత ఒకటి పాకింది. మరుక్షణం వానలోనే మంట నా నడుం ఎత్తు లేచింది. మా ఆవిడ బకెట్టుతో నీళ్లు పోసింది, మళ్లీ పోసింది. మంట ఆరిపోయాక కూడా పోస్తూనే ఉంటే చెయ్యి పట్టుకుని ఆపాను.

చప్పుడుకి అమ్మాయి పాపని భుజాన వేసుకుని పెరటి గుమ్మంలోకి వచ్చింది. నల్లబడిన గుడ్డల వంక చూసింది. అవి పాపవేనని పోల్చుకోవడానికి దానికి కాస్త సమయం పట్టింది.

“ఎక్కడ అంటుకున్నాయి నాన్నా?”

అబద్ధం ఆడాలనుకున్నాను. నోటికి అందలేదు. “మీ గదిలోనే తల్లీ, బుట్టలో,” అన్నాను.

“పొద్దున్నుంచీ దాని కాళ్లు చల్లగా ఉన్నాయని బుట్ట నేనే మంచం కిందికి తోశా. సరిగ్గా అది పడుకున్న చోటికి. వెచ్చదనం పైకి వస్తదని,” అంది.

ఈసారి అబద్ధం అందింది. “అయితే ఏముందమ్మా? కాసేపు పొగ వచ్చి దానంతట అదే ఆరిపోయేది. పైదాకా వచ్చేది కాదు. బయట గాలి తగలబట్టి మండింది గానీ,” అన్నాను, మెకానిక్కు దగ్గర మాట్లాడినంత ధీమాగా. మా ఆవిడ కూడా అవునవునని తలూపింది.

అమ్మాయి నా మొహంలోకి చూసింది. వెనక్కి తిరిగి గదిలోకి వెళ్లింది. మేమూ వెనకే వెళ్లాం. “వంగబాకే, పచ్చి ఒళ్లు,” అని మా ఆవిడ అంటున్నా వినకుండా, పాపని భుజాన పట్టుకునే మంచం పక్కన నేల మీద కూర్చుంది. ఖాళీగా ఉన్న చెయ్యి మంచం కిందికి పోనిచ్చి, చెక్కని అడుగు నుంచి తడిమింది. ఒకచోట చెయ్యి ఆగింది. చటుక్కున వెనక్కి లాక్కుంది. వేళ్లకి మసి అంటింది.

ఆ వేళ్లు చీరకి తుడుచుకుని, పాప చొక్కా పైకెత్తి, వీపంతా తడిమి చూసుకోవడం మొదలుపెట్టింది.