పునీత బర్తలోమయి ఎదుట మాంసం కొట్టు ఎర్సీలియా

ఉంబ్రియా కొండల మీది కాస్తెల్‌రొండో అనే ఊళ్ళో ఎర్సీలియా బిందికి పదకొండో ఏట చదువు ఆగిపోయింది. ఆపినవాడు మాంసం కొట్టు నడిపే తండ్రి. ఈస్టరుకు ఊరంతా గొర్రెపిల్ల మాంసం తినాలి, తోలు ఒలిచే చేతులు చాలడం లేదు. అందుకని ఆయన కూతుర్ని ఒక్క వారం బడి మాన్పించాడు. ఆ వారం యాభై రెండేళ్ళు సాగింది.

అరవై మూడో ఏట ఆమె మధ్యాహ్నాలు కొట్టు మూసి, ఫాదర్ కలిస్తో గారు చర్చి హాల్లో పెద్దవాళ్ళకు చెప్పే తరగతిలో చేరింది. కతోలిక సంఘం మన బొమ్మలకూ పాటలకూ కట్టడాలకూ చదువులకూ ఏమేమి ఇచ్చిందన్నది పాఠం. ఎర్సీలియా దాన్ని కుదించి 'పునీతుల పాఠం' అనేది.

జ్ఞానతృష్ణ అని ఊరు మెచ్చుకుంది. అసలు కారణం నొర్మా. చిన్నప్పుడు ఒకే బెంచీ మీద కూర్చున్న ఈ పోస్టుమాస్టరు భార్య, కిందటేడు ఇదే పరీక్షలో ముప్పైకి ఇరవై ఎనిమిది తెచ్చుకుంది. అప్పట్నుంచి ఆవిడ అందరిలా మాంసం కొనడం మానేసింది.

"ఏమే ఎర్సీలియా, ఈ లివరు రంగు చూశావా? పాతకాలపు బొమ్మల్లో కార్డినల్ గారి ఎర్ర అంగీలా లేదూ?"

"అరకిలోనా, ముప్పావా?"

"నీకెలా చెప్పేదే తల్లీ! చూసే కన్నుండాలి."

ఎర్సీలియా కత్తి పక్కన పెట్టి మనసులో ఒట్టు పెట్టుకుంది. ముప్పై వస్తే దేవుడి దయ. ఇరవై తొమ్మిది మాత్రం రావాల్సిందే.

శ్రద్ధగా చదివింది. బొమ్మలో పునీతురాలి పక్కన చక్రం ఉంటే కతరీన, ఇనుప చట్రం ఉంటే లారెన్సు, పళ్ళెంలో కళ్ళుంటే లూచీయా. పళ్ళెంలో ఉన్న ముక్కను చూసి అది ఎవరిదో చెప్పడం ఆమెకు కొత్త విద్యేమీ కాదు.

పరీక్ష చర్చిలోనే, పునీత బర్తలోమయి గారి కుడ్యచిత్రం ముందు జరిగింది. ఆ మహానుభావుణ్ణి బతికుండగానే తోలు ఒలిచి చంపారు. ఊరి కసాయివాళ్ళను కాపాడే పునీతుడు కూడా ఆయనే. నొర్మా ఆ వేళకే ప్రార్థన గుర్తొచ్చి, జపమాలతో వెనక బెంచీలో కూర్చుంది.

"చెప్పమ్మా. ఆయన ముఖం అంత ప్రశాంతంగా ఎందుకుంది?" అంటూ ఫాదర్ గారు దీపం వేశారు.

జవాబు ఎర్సీలియాకు కంఠతా వచ్చు: అది విశ్వాసపు ప్రశాంతత, ప్రభువు శిష్యుడి ఓర్పు. నోరు తెరిచింది. కానీ ఆ బొమ్మను వెలుగులో, అంత దగ్గర్నుంచి చూడడం ఆమెకు అదే మొదలు.

"అయ్యో, వీడెవడండీ?"

"ఎవరు?"

"ఈ కత్తి పట్టుకున్నవాడు! ముంజేతి దగ్గర మొదలెడతారా ఎవరైనా? పొట్ట మీద నిలువునా ఒక్క గీటు గీయాలి. కత్తి పక్కన పడేసి, తోలుకీ కండకీ మధ్య పిడికిలి దూర్చి, ఇదిగో, ఇలా తొయ్యాలి." ఫాదర్ గారి అంగీ చేతిలోకి ఆమె పిడికిలి దూరింది. ఎనభై ఏళ్ళ పెద్దమనిషి బల్లకు ఆనుకున్నారు. "వీడు మొనతో గీకుతున్నాడు. రెండో గీటుకే తోలు చిరిగి చస్తుంది. ఎవడు పెట్టుకున్నాడండీ వీణ్ణి పనిలోకి?"

వెనక బెంచీలో జపమాల ఆగింది.

"అమ్మా, నేను అడిగింది ముఖం గురించి," అన్నారు ఫాదర్ గారు చెయ్యి వెనక్కి లాక్కుంటూ.

"ఆ ముఖం నాకు తెలుసండి. కొత్తవాణ్ణి కోతకు పెట్టిన రోజున కొట్టు ముందు వరసలో నిలబడ్డవాళ్ళందరిదీ అదే ముఖం."

"అంటే అది విశ్వాసం కాదంటావా?" నలభై ఏళ్ళుగా అది విశ్వాసమేనని ఆయన పాఠం చెబుతున్నారు.

ఎర్సీలియా మళ్ళీ బొమ్మ వైపు చూసింది. ఈసారి నెమ్మదిగా.

"పనొచ్చినవాడి చేతిలో పడితే ఎవరైనా ఓర్చుకుంటారు ఫాదర్ గారూ. ఇలాంటి చేతకానివాడి చేతిలో పడి, 'ఒరేయ్, అలా కాదురా' అని ఒక్క మాటైనా అనకుండా నిలబడ్డాడంటే, అది విశ్వాసం కాక మరేంటి? నా వల్ల కాదు."

ఫాదర్ కలిస్తో గారు కళ్ళజోడు పైకి తోసుకుని, గోడకు ముక్కు తగిలేంత దగ్గరికి వెళ్ళారు. కత్తిని చూశారు, ముంజేతిని చూశారు, ముఖాన్ని మళ్ళీ చూశారు. నలభై ఏళ్ళలో ఆయన ఆ కసాయివాడి వైపు చూసింది లేదు.

"ఇరవై తొమ్మిది," అన్నారు చివరికి.

"ఆ ఒక్కటీ దేనికి కోశారండీ?"

"పరీక్షాధికారిని గొర్రెపిల్లగా వాడుకున్నందుకు."

ఎర్సీలియా బేరమాడలేదు. నొర్మా ప్రార్థన మధ్యలోనే సిలువ గుర్తు వేసుకుని, తలుపు చప్పుడయ్యేలా బయటికి వెళ్ళిపోయింది.