తన్నే ఆవు సాక్ష్యం

మా ఊరు జంకో ఉమాలో ఒట్టు పెట్టకుండా ఉల్లిగడ్డ కూడా అమ్మరు. అమ్మ మీద ఒట్టు, మేరీమాత మీద ఒట్టు, ఎదురుగా కనిపించే మంచుకొండ మీద ఒట్టు. పైవాడ తొరిబియో అయితే తుమ్మి, తుమ్మింది తనేనని కూడా ఒట్టేస్తాడు. అలాంటి ఊళ్లో నలభై ఎనిమిదేళ్లుగా ఒక్క ఒట్టూ వెయ్యకుండా నెట్టుకొచ్చిన మనిషి కిందివాడ బసీలియా.

ఇది ఆమె పంతం కాదు, పుట్టి పెరిగిన మతం. లోకమంతా క్వేకర్లని పిలిచే క్రైస్తవులను మా ఊళ్లో అమీగోలంటారు, అంటే స్నేహితులు. వాళ్లు తాగరు, చెయ్యి చేసుకోరు, ప్రమాణాలు చెయ్యరు. రోజూ చెప్పేది నిజమే అయినప్పుడు ఇవాళ ప్రత్యేకంగా నిజం చెబుతున్నామని ఒట్టెందుకని వాళ్ల వాదన. ఆదివారం ప్రార్థనలో గొంతులు పగిలేలా పాడి, తర్వాత దేవుడేమంటాడో విందామని కాసేపు నోరు మూసుకుంటారు. ఆ మూసుకోవడం బసీలియాకు మరీ ఒంటబట్టింది. "ఉప్పుందా అక్కా?" అని అడిగినా ఓ క్షణం ఆగి గానీ ఉందో లేదో చెప్పదు. అడిగినవాడికి ఈలోగా చెమటలు పడతాయి.

ఓసారి ఆమె సంతలో ఆవును అమ్మకానికి పెట్టింది. నల్లటి ఆవు, నిగనిగలాడుతోంది. కొనడానికి వచ్చినవాళ్లందరితో ఒకటే మాట: "పాలు బాగానే ఇస్తుంది. పిండేటప్పుడు తన్నుతుంది." ముగ్గురు వచ్చారు, ముగ్గురూ దణ్ణం పెట్టి వెళ్లిపోయారు. మొగుడు పోలికార్పో తల బాదుకున్నాడు.

"అడక్కుండానే ఎందుకు చెబుతావే? అడిగాక చెప్పొచ్చుగా!"

"తన్నాక అడుగుతారు" అంది బసీలియా.

అప్పుడు వచ్చాడు తొరిబియో. ఆవు చుట్టూ రెండుసార్లు తిరిగి కన్ను గీటాడు. "నాకు తెలుసులే వదినా. మంచి ఆవుని వదులుకోవడం ఇష్టంలేక ఈ కథలన్నీ చెబుతున్నావు. తన్నుతుందని ఒట్టెయ్యి చూద్దాం."

"ఒట్టెయ్యను. తన్నుతుంది."

"చూశావా! నిజమైతే ఒట్టేసేదానివే!"

అలా ఆమె ఒట్టు వెయ్యలేదన్న ధీమాతో ఆవును తోలుకుపోయాడు. మూడో రోజుకల్లా పై వరసలో ముందుపన్ను ఎగిరిపోయింది. ఆ రంధ్రంలోంచి ఈల వినిపించినప్పుడల్లా తొరిబియో మాట్లాడుతున్నాడని మాకు తెలుస్తుంది.

ఇక అసలు సంగతి. మా ఊళ్లో నీళ్ల పెద్దరికం ఇంటింటికీ వంతుల మీద తిరుగుతుంది. కాలవ తూములు ఎప్పుడు ఎవరికి ఎత్తాలో ఆ ఏడాది ఆ ఇంటి జంట మాటే చెల్లుతుంది. ఒక్కో ఇంటికి ఆ వంతు ముప్పై ఏళ్లకోసారి వస్తే గొప్ప. తూములన్నీ పైవాడలోనే ఉన్నాయి, ఇళ్లూ అక్కడే ఎక్కువ కాబట్టి పెద్దరికమూ దాదాపు ఎప్పుడూ పైవాడ వాళ్ల చేతుల్లోనే పడుతోంది. కిందివాడ బంగాళాదుంపలు నోరెండి చచ్చాక నీళ్లు దిగుతాయి. బసీలియా తండ్రి అన్సెల్మోకు ఒకసారి వంతు వచ్చింది. పెద్దరికం తీసుకోవడానికి చెయ్యాల్సిన ప్రమాణం ఆయన చెయ్యనన్నాడు. వంతు పైవాడ ఇంటికి దాటిపోయింది. ఆ ఏడు కిందివాడంతా ఆయన్ని ఆడిపోసుకుంది. పదేళ్ల బసీలియా అవన్నీ విన్నది, మర్చిపోలేదు.

ఇప్పుడు వంతు ఆమెది. ఆమె కాదంటే జాబితాలో తర్వాతి పేరు తొరిబియోది.

ప్రమాణానికి ముందురోజు దుంపలు ఒలుస్తూ పోలికార్పో ఒక ఉపాయం చెప్పాడు. "నువ్వు పెదాలు కదుపు చాలు. సరిగ్గా ఆ మాట దగ్గర నేను గట్టిగా దగ్గుతాను. అన్నావో లేదో ఎవడికీ తెలీదు."

"నాకు తెలుస్తుందిగా."

"మీ నాన్నకీ తెలిసింది. ఏం లాభం? మన దుంపలు ఎండాయి!"

ఆ మాట ఆమెకు సూటిగా గుచ్చుకుంది. నాన్న చేసింది తప్పేమోనని జీవితంలో మొదటిసారి అనుమానం వచ్చింది, ఆ అనుమానానికే ఏడుపొచ్చింది.

మర్నాడు బడి ముందు ఊరంతా చేరింది. మధ్యలో దుప్పట్లు పరిచి ఎవరింటి ఉడికిన దుంపలు, జున్ను, వేయించిన చేపలు వాళ్లు కుప్పలు పోశారు. బసీలియా సారాకు బదులు రెండు బానల నిండా వేడివేడి ఊదా మొక్కజొన్న జావ కాచి తెచ్చింది. "పెద్దరికం మొదలే జావతోనా!" అని కొందరు గొణిగారు. గొణుగుతూనే రెండో గ్లాసు పట్టారు.

ఊరి పెద్ద మెలితోన్ వెండి తొడుగుల కర్ర పట్టుకుని లేచాడు. మొగుడూపెళ్లాలు పక్కపక్కన నిలబడ్డారు. "వేళ్లతో సిలువ పట్టి పెదాలకు తాకించమ్మా బసీలియా. నీళ్లు న్యాయంగా పంచుతానని ప్రమాణం చేస్తావా?"

బసీలియా చేతులు కిందికే వేలాడుతున్నాయి. సరిగ్గా అప్పుడు పోలికార్పో దగ్గాడు. చీమ చిటుక్కుమన్నా వినిపించే ఆ నిశ్శబ్దంలో, దాచడానికి మాటే లేని చోట, ఆ దగ్గు బర్రె అరిచినట్టు మోగింది. పిల్లలు పకపకా నవ్వారు.

"ప్రమాణం చెయ్యలేను తాతా" అంది బసీలియా. "అడగండి, చెబుతాను. చెప్పింది చేస్తాను. అంతే."

తొరిబియో ఈల వేసుకుంటూ లేచాడు. "ప్రమాణం లేకపోతే పెద్దరికం లేదు! వాళ్ల నాన్నకి లేదు, ఈవిడకెట్టా ఉంటుంది? ఒట్టెయ్యని మనిషి మాట నమ్మేదెట్టా?"

మెలితోన్ కాసేపు గడ్డం గోక్కున్నాడు. తర్వాత తొరిబియో వైపు తిరిగాడు. "నిజమేరా. సాక్ష్యం కావాల్సిందే. నువ్వు సిలువ పట్టు."

"నేనా?"

"నువ్వే. రోజుకి నలభై ఒట్లేస్తావుగా, నలభై ఒకటోది ఇక్కడెయ్యి. ఆవు తన్నుతుందని ఈవిడ నీకు చెప్పిందా, లేదా?"

తొరిబియో వేళ్లు కలిపి పెదాల దగ్గరికి తెచ్చాడు. అవి పన్ను లేని చోట ఆగిపోయాయి. ఊరంతా చూస్తోంది.

"చెప్పింది" అన్నాడు, ఈలగా.

"ఒట్టేసి చెప్పిందా?"

"వట్టినే చెప్పింది."

"తన్నిందా?"

ఊరంతా పగలబడి నవ్వింది, ఇక ఆ నవ్వు ఆగలేదు. చివరికి తొరిబియో కూడా నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుని నవ్వాడు. నవ్వక ఏం చేస్తాడు, పన్ను ఎటూ పోయింది. మెలితోన్ కళ్లు తుడుచుకుని మళ్లీ అడిగాడు: "నీళ్లు న్యాయంగా పంచుతావా బసీలియా?"

ఆమె అలవాటుగా ఆగింది. ఈసారి ఎవరికీ చెమటలు పట్టలేదు, ఓపిగ్గా చూశారు.

"పంచుతాను."

కర్ర ఆమె చేతికొచ్చింది. ఊరి పుస్తకంలో గుమాస్తా అలవాటు కొద్దీ "ప్రమాణం చేసింది" అని రాస్తే, బసీలియా పక్కనే నిలబడి కొట్టేయించి "చెప్పింది" అని రాయించింది. వెనక పేజీలు తిప్పి, ముప్పై ఎనిమిదేళ్ల కిందట "నిరాకరించాడు" అని రాసి ఉన్న చోట నాన్న పేరు మీద వేలు పెట్టి కాసేపు ఉంది. అప్పుడు మాత్రం ఏడ్చింది, హాయిగా.

విత్తనాల నెలలో ఆమె కిందివాడకు వాళ్ల వంతు వాళ్లకిచ్చింది, పైవాడకు వాళ్ల వంతు వాళ్లకిచ్చింది. ఒక మధ్యాహ్నం తొరిబియో గట్టు మీదికి వచ్చాడు.

"వదినా, రేపు పొద్దున నా చేలోకి నీళ్లొస్తాయా?"

బసీలియా ఆగింది. "వస్తాయి."

"ఒట్..." అని మొదలుపెట్టిన తొరిబియో నాలుక పన్ను లేని చోట తగిలింది. నోరు మూసుకుని, పార తెచ్చుకోవడానికి ఇంటికి పోయాడు.