ఆరో వరస, మూడో చెట్టు

మా తమ్ముడు పోయాడు. మంగళవారం పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, అట్లాగే పక్కకు ఒరిగాడు. ఆదివారాలు ఫోన్లో చదరంగం ఆడే గ్రూపువాళ్లు సంతాపం పెట్టారు. కానీ దానికి పది రోజుల ముందే దొంగాట ఆడాడని జాబితాలో నుంచి వాడి పేరు తీసేసింది కూడా వాళ్లే. ఆ పేరు మళ్లీ ఎక్కాలి. నాకు చదువు రాదు. నేను చెబుతుంటే కోడలు రాస్తోంది.

చిత్తూరులో గుమాస్తాగా రిటైరయ్యాక తమ్ముడు ఈ ఆట పట్టుకున్నాడు. మొదట్లో అంతా తొందర. మంత్రిని ముందుకు తోసి, పోగొట్టుకుని, ఫోను బోర్లించి, కూర బాగాలేదని నన్ను తిట్టేవాడు. ఏడాది తిరిగేసరికి నిమ్మళించాడు. బంట్లతో నడుమ దడి కట్టి, వెనకాల గుర్రాలను తిప్పుకుంటూ, అవతలివాడికి విసుగు పుట్టేదాకా కాచుకునేవాడు. గెలిస్తే, "వాడే తొందరపడినాడులేక్కా" అనేవాడు.

తర్వాత వాడి కంటి నరాలు ఎండిపోయాయి. తెర మీద మసక తప్ప ఏమీ లేదు. ఆట మానేస్తానన్నాడు.

"బుర్ర నువ్వు పెట్టు, కండ్లు నేను పెడతా" అన్నాను.

"నీకు అక్షరమే రాదు గదక్కా."

"మామిడిచెట్లు లెక్కబెట్టేదన్నా వస్తాది గదరా."

మా నాయన తోటలో చెట్లన్నీ వరసల్లో ఉండేవి. గేటు నుంచి ఎన్నో వరస, ఎడమ నుంచి ఎన్నో చెట్టు అని చెబితే చాలు, పిల్లలం కండ్లు మూసుకుని పోయేవాళ్లం. చదరంగమూ అంతే, ఎనిమిది వరసలు, వరసకు ఎనిమిది చెట్లు. ఫోన్లో మన పావులు ఎప్పుడూ కిందనే ఉంటాయి, అదే గేటు. అవతలివాడి ఎత్తు నేను చెప్పేదాన్ని. వాడు తన ఎత్తు చెబితే నేను నొక్కేదాన్ని. చూపు పోయాకే వాడి ఆట పెరిగింది. గెలుపోటములను బట్టి ఫోను వేసే మూడంకెల నంబరు నాలుగంకెలైంది.

గ్రూపు పెద్ద, లెక్కల మాస్టారు, తిరుపతి నుంచి బస్సు దిగి వచ్చాడు.

"తేలిక ఎత్తుకూ, కష్టమైన ఎత్తుకూ ఒకే అంత సేపు పడతా ఉండాదన్నా. మనిషైతే తేలికది టక్కున ఆడేస్తాడు. పక్కన ఎత్తులు చెప్పే మిషను పెట్టుకోని ఆడతా ఉండావంటా ఉండారు."

ఆ సేపు నా నోటిది, నా వేలిది. ఎంత తేలిక ఎత్తయినా నేను చూసి చెప్పాలి, వెతికి నొక్కాలి. మాస్టారు నమ్మలేదు. చెక్క బోర్డు పరిచాడు. తమ్ముణ్ని గిల్లి సైగ చేస్తానేమోనని నన్ను వాడికి ఎదురుగా, తన పక్కనే కూర్చోబెట్టుకున్నాడు.

నా గేటు తిరగబడింది. ప్రతి ఎత్తుకూ మనసులో తోటంతా తిప్పి చెప్పాను, తమ్ముడి పావులు నేనే జరిపాను. చాలాసేపు తప్పు పోలేదు. తమ్ముడిదే పైచేయిగా ఉంది. అప్పుడు మాస్టారి గుర్రం దూకింది.

"ఆరో వరస, మూడో చెట్టు" అన్నాను.

అది నా వైపు నుంచి లెక్క. తమ్ముడి వైపు నుంచి మూడో వరస, ఆరో చెట్టు. గుర్రం వాడి మంత్రిని కొట్టే చోటికి వచ్చి నిలబడింది. అది వెనక్కి పోయిందనుకుని తమ్ముడు ఒక బంటు జరపమన్నాడు. మా వరసల భాష మాస్టారికి పట్టలేదు. మంత్రిని తీసుకున్నాడు.

"ఫోన్లో అయితే ఇట్లాంటి తప్పు చేయవు గదన్నా" అన్నాడు.

నేను లెక్క తిప్పకుండా చెప్పానని నాకు అప్పుడు తెలిసింది. నోరు తెరవబోయాను.

"ఉండక్కా" అన్నాడు తమ్ముడు. "నేనే మరిచిపోయినాను సారూ."

మాస్టారు వెళ్లాక, ఎందుకు దాచావని అడిగాను.

"నువ్వు తప్పు చెప్పినావంటే, ఇన్ని దినాలు నువ్వు చెప్పిందేదీ నమ్మరు. నాకు ఓడిపోయేది కొత్తా ఏమి?"

ఆ రాత్రే జాబితాలో నుంచి వాడి పేరు తీసేశారు. ఆ తప్పు నాది. పదిమందికీ తెలియాలనే చెబుతున్నాను.

తమ్ముడి దివసాల రోజు, కర్మ భోజనానికి మాస్టారు వచ్చాడు. విస్తరి వేయక ముందే బోర్డు పరిచాను.

"ఈ పొద్దాక్కా?"

"ఈ పొద్దే. వాడు ఆడినట్టే నువ్వూ కండ్లు మూసుకోని ఆడు. నీ పక్క నుంచి వరసలు లెక్కబెట్టి నేను చెప్తా."

వరసల లెక్క ఆయనకు రెండు నిమిషాల్లో పట్టింది. నాకు పావులు నడిచే తీరు తప్ప పెద్ద ఆట రాదు. అయినా పదకొండో ఎత్తుకు ఆయన తడబడ్డాడు.

"అక్కా, నా ఎడమ ఏనుగు కదిలిందా?"

"నీ ఎత్తు చెప్పు" అన్నాను. భోజనాలకు వచ్చిన చుట్టాలు మా చుట్టూ నిలబడ్డారు. మాస్టారు కండ్లు తెరవలేదు. ఆయన వేలు బోర్డు పైన, గాలిలో, ఏదో ఒక గడిని వెతుక్కుంటూ ఉంది.