రెక్కలు కోసుకున్న వారం

'రెక్కల కొండ' చదివి వినిపిస్తే గానీ మా నాలుగేళ్ళవాడు అన్నం తినడు. "ఇప్పుడు ఎంతమంది ఇనుపమొహాలు చచ్చారు?" అని ముద్దకొకసారి అడుగుతాడు. నిప్పూ కత్తీ వచ్చే చోట నేను రెండు మూడు వాక్యాలు మింగేసి పేజీ తిప్పేస్తాను. వాడు ఇట్టే పట్టేస్తాడు. "మధ్యలో ఏదో వదిలేశావమ్మా!"

నేను వదిలేది కొంచెమే. ఆ పుస్తకం వేసినవాళ్ళు ఒక అధ్యాయమే వదిలేశారు. స్వతంత్రం వచ్చాక, అది శత్రువులు ఇరికించిన దొంగ అధ్యాయమని తీసిపారేశారు. రాసింది శత్రువులు కాదు, మా అత్తగారి అక్క. ఇంట్లో మా అందరికీ పెద్దమ్మ. దానికి ముందున్న కొన్ని అధ్యాయాలు కూడా ఆమెవే. అవి మాత్రం ఆ కథ మొదలుపెట్టిన మాస్టారి పేరు మీద చక్కగా చెలామణీ అవుతున్నాయి.

అప్పటికి పెద్దమ్మకు పెళ్ళయి ఎంతో కాలం కాలేదు. ఒక వారపత్రిక ప్రెస్సులో కంపోజిటరు. సీసం అచ్చుల్ని గళ్ళలోంచి ఒక్కొక్కటే ఏరి, తలకిందులుగా, వెనక్కి తిప్పి పేర్చడం ఆమె పని. పేర్చినదాన్ని మెషిన్ మీదికి ఎక్కించి కాళ్ళతో తొక్కుతూ అచ్చువేయడం ఆమె భర్త పని. "మీరిద్దరూ కాపురం ఇక్కడే చేస్తారా, ఎప్పుడైనా ఇంటికి కూడా వెళ్తారా?" అని ఓనరు ఆటపట్టించేవాడట. పెదనాన్న వేళ్ళు ఎప్పుడూ నల్లగా ఉండేవి. ఆ వేళ్ళతో బుగ్గ గిల్లితే మచ్చ సాయంత్రం దాకా పోయేది కాదని పెద్దమ్మ ఇప్పటికీ విసుక్కుంటుంది.

ఆ పత్రికలో మాస్టారు వారం వారం రాసే కథ 'రెక్కల కొండ'. కొండ మీద రెక్కల మనుషులుంటారు. సముద్రం దాటి ఇనుపమొహాలు వస్తాయి. ఈకకింత అని సుంకం వేస్తాయి, పుట్టిన బిడ్డల రెక్కలు కత్తిరిస్తాయి. ఇనుపమొహాల్ని నరికితే రక్తం రాదు, తుప్పు రాలుతుంది. బూడిదరెక్క అనే కుర్రాడు కొండవాళ్ళని కూడగడతాడు. దేశాన్ని ఏలుతున్న పరాయివాళ్ళకు పత్రికలు చదివి ముద్ర వేసే ఆఫీసరొకడు ఉండేవాడు. రెక్కలూ మంత్రాలూ చూసి, "పిల్లల కథే కదా, పోనివ్వండి" అని ముద్ర గుద్దేవాడు.

ఊళ్ళో దాన్ని పిల్లల కథగా చదివినవాడు ఒక్కడూ లేడు. సెలూన్లో గడ్డాలు గీసే ఆయన ప్రతి వారం పత్రిక రాగానే కత్తి పక్కన పెట్టి పైకి చదివేవాడు. సగం గడ్డం గీయించుకున్నవాళ్ళు నురగతోనే కూర్చుని వినేవాళ్ళు. వీధిలో సిపాయిలు కనిపిస్తే, "అదిగో, తుప్పు వస్తోంది" అనేవాళ్ళు.

ఒకనాడు మాస్టారు ఆ వారం కాగితాలు పట్టుకుని ప్రెస్సుకు వస్తుంటే, గుమ్మం ముందే సిపాయిలు ఆగమన్నారు. ఆయన ఆగాడు. అయినా కాల్చారు. తూటా ఛాతీకి అదిమి పట్టుకున్న కాగితాల్లోంచి దూసుకుపోయింది. పెదనాన్న ఆయన్ని లోపలికి లాక్కొచ్చేసరికి ప్రాణం లేదు. రక్తంలో తడిసిన కాగితాల్లో ఒక్క అక్షరం కూడా కనిపించలేదు.

ఓనరు చాలాసేపు గోడకు ఆనుకుని కూర్చున్నాడు. తర్వాత, "ఆ జాగాలో ఏదో ఒక ప్రకటన వేసెయ్ అమ్మాయ్," అన్నాడు.

పెద్దమ్మ ప్రకటన వేయలేదు. గళ్ళ ముందు నిలబడి కథ పేర్చడం మొదలుపెట్టింది. కలం ముట్టలేదు. మనసులోంచి నేరుగా సీసంలోకి, వాక్యం వెనక వాక్యం. అచ్చయ్యాక అక్షరాలు విప్పి ఎక్కడివక్కడ గళ్ళలో వేసేసింది. రాతప్రతి అనేదే లేదు.

"మాస్టారు ముందే రాసిపెట్టుకున్నారట," అని ఊరు నమ్మింది. పోలీసులు మాత్రం, ఎవడో కొత్తవాడు రాస్తున్నాడనుకున్నారు. ప్రెస్సు మీద పడి పెట్టెలు పగలగొట్టారు, పరుపులు చీల్చారు. పోల్చిచూడ్డానికి ఒక్క చేతిరాత ముక్క దొరకలేదు.

మాస్టారి రక్తం గుమ్మం మీద ఇంకా మరకగా ఉన్న రోజులవి. పెద్దమ్మ కోపంగా పేర్చింది. ఒక వారం బూడిదరెక్క మనుషులు ఇనుపమొహాల సుంకం ఠాణా తలుపులకు బయటినుంచి గొలుసు వేసి, నూనె పోసి అంటించారు. లోపల తుప్పు కణకణలాడింది, కొండంతా చప్పట్లు కొట్టింది.

ఆ వారం తిరక్కముందే ఊళ్ళో కుర్రాళ్ళు నిజం సుంకం ఠాణాకు గొలుసు వేశారు.

పెద్దమ్మ చూడ్డానికి వెళ్ళింది. వద్దన్నా వినలేదు. తలుపు దగ్గర ఒకరి మీద ఒకరు పడి ఉన్నారు, గోళ్ళు చెక్కలో దిగబడి ఉన్నాయి. బెల్టు బకిళ్ళు అలాగే ఉన్నాయి. నూనె మంటకు ఇనుము కరగదు. కరిగింది మిగతాదంతా. మూలన సిపాయిల బట్టలుతికే మనిషి ఉంది, ఇదే ఊరి మనిషి. పెద్దమ్మ ఇంటికొచ్చి పెదనాన్నతో ఒకటే అంది, "తుప్పు ఎక్కడా లేదండీ."

మర్నాడు పెదనాన్నను పట్టుకుపోయారు.

పట్టుకుపోయిన ఇన్‌స్పెక్టరు మన భాష మాట్లాడేవాడే, ఈ దేశపువాడే. ప్రెస్సులో ఓనరు కుర్చీలో కూర్చుని బల్ల మీద కాళ్ళు పెట్టాడు.

"ఎవడయ్యా రాస్తోంది?"

"మాస్టారే, అయ్యా. ముందే రాసి..."

"చచ్చినవాడు ఠాణా తగలబెట్టే ఉపాయం చెప్పాడా? మీ మెషిన్‌మాన్‌కు తెలుసనుకుంటా. కుడిచేతి వేళ్ళన్నీ విరగ్గొట్టాం. నోరు విప్పలేదు. ఇప్పుడు ఎడమచెయ్యి మొదలుపెడదామా అని ఆలోచిస్తున్నాం."

పెద్దమ్మ గళ్ళను పట్టుకుని నిలబడింది. ఇన్‌స్పెక్టరు ఆమె వైపు చూశాడు గానీ, రాసేది ఆమె అయి ఉండొచ్చని అతనికి తోచనే లేదు.

"నువ్వతని పెళ్ళానివా? చూడమ్మా, నాకు రాసేవాడితో పనిలేదు. వచ్చే వారం ఆ బూడిదరెక్క మోకాళ్ళ మీద కూర్చోవాలి. రెక్కలు వాడే కోసి మా కాళ్ళ దగ్గర పెట్టాలి. అది అచ్చయితే నీ మొగుడు ఇంటికొస్తాడు. లేకపోతే బజార్లో ఉరి తీస్తాం, వచ్చి చూసుకో." లేచి వెళ్ళబోతూ ఆగి, నవ్వాడు. "మా అబ్బాయి కూడా చదువుతాడు, ఆ దిక్కుమాలిన కథ. దుప్పటి కట్టుకుని గోడల మీంచి దూకుతున్నాడు వెధవ."

కబురు ఆ కుర్రాళ్ళకూ చేరింది. వాళ్ళ నాయకుణ్ణి అందరూ కళ్ళజోడు అనేవాళ్ళు. కాలేజీ చదువు మధ్యలో మానేసినవాడు. రాసేది పెద్దమ్మేనని ఊళ్ళో పసిగట్టింది అతనొక్కడే. ప్రెస్సు వెనక కాగితపు కట్టల మధ్య ఆమెను పట్టుకున్నాడు.

"అక్కా, బూడిదరెక్క వంగకూడదు."

"మీ బావను ఉరి తీస్తారు తమ్ముడూ."

"తెలుసు." గొంతు తగ్గించాడు. "బావ అలా పోతే, ఈ ఊళ్ళో ఇంట్లో కూర్చునే మగాడు ఒక్కడు మిగలడు. నీ కథ చెయ్యలేని పని అది చేస్తుంది."

"అంటే, నా మొగుడు నీకు ఇంకో అధ్యాయమా?"

"దేశం కోసం అక్కా..."

"ఆ ఠాణాలో బట్టలుతికే ఆమెకు ఏ దేశమో అడిగావా, గొలుసు వేసే ముందు?"

కళ్ళజోడు మొహం ఎర్రబడింది. "గొలుసు వెయ్యమని రాసింది ఎవరు?" అనేసి వెళ్ళిపోయాడు.

ఆ వారం పెద్దమ్మ కథ పేర్చింది. బూడిదరెక్క ఒంటరిగా కొండ దిగాడు. ఇనుపమొహాల దొర ముందు మోకరిల్లాడు. కొడవలితో తన రెక్కలు తనే కోసుకున్నాడు. కుడిరెక్క కోస్తున్నప్పుడు ఎముక దగ్గర కొడవలి ఆగిపోతే, రాయి పెట్టి కొట్టుకున్నాడు. ఎందుకు చేశాడో ఆమె ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయనిచ్చేవాళ్ళు కాదు. పేర్చిన వరసలు విప్పేసి, మళ్ళీ మళ్ళీ పేర్చిందట.

పత్రిక బజారులోకి వచ్చింది. సెలూన్ ఆయన చదువుతూ చదువుతూ సగంలో ఆగిపోయి, కాగితాన్ని ఉండచుట్టి నేలకేసి కొట్టాడు.

ఇన్‌స్పెక్టరు మాట మీద నిలబడ్డాడు. పట్టపగలు, బజారు కిటకిటలాడుతుండగా, పెదనాన్నను పోలీసు ఠాణా మెట్ల మీదికి తెచ్చాడు. కుడిచేతికి మురికి గుడ్డలు చుట్టి ఉన్నాయి. ఇన్‌స్పెక్టరు ఆయన భుజం మీద చెయ్యి వేసి, అందరికీ వినపడేలా, "కథ భలే రాశావోయ్! దొరలు చాలా సంతోషించారు," అన్నాడు. లోపలికి వెళ్ళి తలుపేసుకున్నాడు.

ఉరి తీసినా ఇంతకంటే పకడ్బందీగా చంపలేడు.

మొదటి రాయి ఎవరు వేశారో తెలియదు. అది చెవి మీద తగిలింది. పెదనాన్న గుడ్డలు చుట్టిన చెయ్యి పైకెత్తాడు. "నేను కాదు, నాకు రాయడమే రాదు," అంటున్నాడు. "అమ్ముడుపోయినవాళ్ళంతా ఇలాగే అంటారు!" అని ఎవరో అరిచారు. తర్వాత రాళ్ళు కాదు, మనుషులే మీద పడ్డారు. కిందపడ్డాక కాళ్ళతో తన్నారు. సెలూన్ ఆయన గడ్డాలు గీసే కుర్చీ కాలు విరిచి పట్టుకొచ్చాడు. కళ్ళజోడు గుంపు అంచున చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

పెద్దమ్మ మోచేతులతో పొడుచుకుంటూ గుంపులో దూరింది. మొగుడి మీద బోర్లా పడింది. వీపు మీద తగిలిన దెబ్బకు పక్కటెముక విరిగింది.

"రాసింది నేను! ఈయన కాదు, నేను!"

నవ్వారు. "అచ్చులు ఏరుకునేదానివి, నువ్వు రాశావా? మొగుణ్ణి కాపాడుకోడానికి ఎన్ని కబుర్లయినా చెప్తావ్!"

చూపించడానికి ఆమె దగ్గర కాగితం ముక్క లేదు. కళ్ళజోడు వైపు చూసింది. అతను తల తిప్పుకున్నాడు. అప్పుడు, ఊపిరి తీసుకున్నప్పుడల్లా పక్కలో పొడుస్తుండగా, కథ చెప్పడం మొదలుపెట్టింది.

"దొర వంగి ఆ రెక్కలు తీసుకోబోయాడు. వంగినప్పుడు వాడి ఇనుపమొహం ఊడి కిందపడింది. దాని వెనక ఒక మొహం ఉంది. మీసం కూడా సరిగ్గా రాని మొహం. ముక్కులోంచి రక్తం కారుతోంది."

"రక్తమా?" అన్నాడొకడు. ఎత్తిన కాలు అలాగే ఉంది.

"రక్తమే. వెనక అడుగుల చప్పుడైతే బూడిదరెక్క తిరిగి చూశాడు. రాళ్ళు పట్టుకుని వస్తున్నది ఇనుపమొహాలు కాదు. కొండవాళ్ళే. వీడు అమ్ముడుపోయాడనుకుని వచ్చారు."

"అమ్ముడుపోలేదా మరి?"

"వాడి మనిషి ఒకడు చెరలో ఉన్నాడు. రెక్కలు కోసిచ్చి వాణ్ణి విడిపించుకున్నాడు."

వెనకవాళ్ళు వినపడక ముందుకు తోసుకొచ్చారు. ముందువాళ్ళు "ష్" అన్నారు. సెలూన్ ఆయన చేతిలో కర్ర దించాడు. మాస్టారు పోయిన దగ్గర్నుంచి వారం వారం తన నోటితో చదువుతున్న వాక్యాలు ఇవే. ఎక్కడ ఆగుతాయో, ఎక్కడ ఊపందుకుంటాయో ఆ నాలుకకు తెలుసు.

"ఈవిడే," అన్నాడు. మళ్ళీ గట్టిగా, "ఒరేయ్, ఈవిడేరా!"

ఒకడు, అప్పటిదాకా తన్నినవాడే, మెల్లగా అడిగాడు. "ఆ రెక్కలు... మళ్ళీ మొలుస్తాయా అమ్మా?"

పెద్దమ్మ గుడ్డల్లోంచి బయటికొచ్చిన పెదనాన్న వేళ్ళ వైపు చూసింది.

"మొలవవు."

"తర్వాత ఏమైంది?"

"నాకు తెలీదు. ముందు ఈయన్ని లేపండి. తల జాగ్రత్త."

పెదనాన్న బతికాడు. ఒక చెవి వినపడేది కాదు, కుడిచేత్తో గ్లాసు కూడా పట్టుకోలేకపోయేవాడు. పెద్దమ్మ ఆ కథలో ఇంకో వాక్యం పేర్చలేదు. కానీ ఆ మధ్యాహ్నం ఆయన్ని చేతుల మీద ఆస్పత్రికి తీసుకెళ్ళినవాళ్ళలో, అంతకుముందు ఆయన్ని కొట్టనివాడు ఒక్కడూ లేడు. సందు మలుపుల్లో, "మెల్లగా, మెల్లగా, మెడ వాలిపోతోంది," అని ఒకరినొకరు కసురుకుంటూ మోశారు.