తీసుకోకపోయినా పర్వాలేదు, సూసి పో

కడుపులో ఉన్న బిడ్డతో బేరమాడి గెలిచిన మనిషి మా బజారులో నేనొక్కదాన్నే. నెలల తరబడి దాని మీద ఒక్క మాట కూడా ఖర్చు పెట్టకుండా నెట్టుకొచ్చాను. మీసం లేదు గాని, ఉంటే అప్పట్లో మెలేసేదాన్నే.

మాది తిరుపతిలో గాజుల కొట్టు. కొండ మీద గుండు చేయించుకుని, నెత్తికి చందనం పూసుకుని దిగివచ్చే ఆడవాళ్లే మాకు ఎక్కువ గిరాకీ. నాయన పక్కన ముక్కాలిపీట మీద కూర్చుని పెరిగాను. ఎక్కాల కన్నా ముందు నాకు వచ్చిన విద్య ఒకటుంది. కావాల్సిన వస్తువు వైపు చూడకూడదు. టోకు సరుకు కోసం చెన్నైకి పోయేటప్పుడు నాయన నన్నూ తీసుకుపోయేవాడు. నచ్చిన పెట్టె ఎదురుగానే ఉంటుంది, ఆయన మాత్రం దాన్ని వదిలేసి మిగతావన్నీ తిప్పి తిప్పి చూసేవాడు. నేను పొరపాటున దాని మీద చెయ్యి వేస్తే బయటికి వచ్చాక మొట్టికాయ.

"నీ కండ్లే ధర పెంచేసినాయి గదమ్మా. ఆశ కనబడినాక అమ్మేవాడు వదల్తాడా?"

మొదటిసారి కడుపు నిలిచినప్పుడు ఆ పాఠం మరిచిపోయాను. మూడో నెల నిండకముందే బజారంతా చెప్పేశాను. కొట్టు కట్టేసే వేళకు పొట్ట మీద చెయ్యి పెట్టుకుని, ఆ రోజు ఎవరొచ్చారో, ఎవరెంత గీచి గీచి బేరమాడారో లోపలి బిడ్డకు కథలు చెప్పేదాన్ని. ఒకరోజు పొద్దున రక్తం కనిపించింది. అంతే. నీ తప్పేమీ లేదమ్మా, ఇట్లా చాలామందికి అవుతుందని డాక్టరమ్మ చెప్పింది. తల ఊపాను. కానీ కొట్టువాళ్ల బిడ్డను కదా, కారణం లేని నష్టాన్ని ఒప్పుకోలేను. ఆశ చూపించాను, ధర పెరిగింది. ఇదీ నేను కట్టుకున్న లెక్క.

అందుకే రెండోసారి జాగ్రత్తపడ్డాను. కొండ మీది స్వామికి మొక్కు కూడా మొక్కలేదు. మొక్కితే మన అవసరం ఆయనకు తెలిసిపోతుంది కదా. ఎవరైనా పొట్ట చూసి అడిగితే "ఏముందిలే" అని మాట తిప్పేసేదాన్ని. అయిదో నెలలో ఒక మధ్యాహ్నం, లోపల చేపపిల్ల తోక ఆడించినట్టు ఏదో కదిలింది. శనగలు తిన్నాను, గ్యాస్ అనుకుని గల్లాపెట్టె దగ్గరికి జరిగాను. గ్యాస్ కాదని తెలుసు. తెలిసే అలా అనుకున్నాను.

మా ఆయనకు రేణిగుంట గోడౌన్లో పని. సాయంత్రం వచ్చి పొట్టకు చెవి ఆనించి, "ఏం జేస్తా ఉండావు నాయనా లోపల?" అని అడిగేవాడు.

"సరుకే దిగలా, అప్పుడే కుశల ప్రశ్నలా?" అని నేను ఆయన తల నెట్టేసేదాన్ని.

"నువ్వు మాట్లాడవు, నన్నూ మాట్లాడనీవు. ఆ బిడ్డ ఈడ ఎవరూ లేరనుకుంటాదే!"

"అనుకోనీ. బయటికొచ్చినాక చెప్తాలే."

నవ్వుతూనే అన్నాను ఆ మాట. ఇప్పుడు తలుచుకుంటే ముఖం ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు.

ఏడో నెలలో అమ్మ గాజులు తొడిగిద్దామంది. వద్దన్నాను.

"కడుపుతో వచ్చే ఆడోళ్లందరికీ తొడుగుతావు, నీకేం వచ్చిందే?" అని అమ్మ కోప్పడింది.

ఏం చెప్పను? కొట్టుకు వచ్చే ప్రతి చూలాలికీ నేను చెప్పే మాట ఒకటుండేది. "అక్కా, ఈ మట్టిగాజుల సద్దు కడుపులో బిడ్డకి ఇనపడతాది. అమ్మ ఈడే ఉండాదని దానికి తెలుస్తాది. ఇంకో డజను ఏసుకో." అది వింటే ఎంత పిసినారి అయినా రెండో చెయ్యి కూడా చాపుతుంది. అది అమ్మకపు మాట. నా మాటకు నేనే పడిపోతానా? చేతికొక రోల్డుగోల్డు గాజుతో సరిపెట్టుకున్నాను.

ఎనిమిదో నెలలో పరీక్షకు వెళ్లాను. నర్సు బీపీ చూస్తూ అడిగింది.

"బిడ్డ కదలికలు ఎట్లుండాయి? ముందు మాదిరే ఉండాయా, తగ్గినాయా?"

"బాగానే ఉండాయి."

"ఎప్పుడెక్కువ కదుల్తాది?"

గిరాకీ అడిగినదానికి తెలియదనడం నాకు అలవాటు లేదు. నోటికొచ్చిన ధర చెప్పినట్టు "మధ్యాన్నం" అనేశాను.

"ఈ పొద్దు కదిలిందా?"

అక్కడ చిక్కుకుపోయాను. ఈ పొద్దు? నిన్న? ఎంత వెతికినా ఏమీ గుర్తుకు రాలేదు. కదిలి ఉండొచ్చు, కదలకపోయి ఉండొచ్చు. నేను అటువైపు చూస్తే కదా!

"తెలీదు," అన్నాను. "నేను గమనించలా."

నర్సు తిట్టినా బాగుండేది. గబగబా పోయి డాక్టరమ్మను పిలుచుకొచ్చింది. పొట్ట మీద జెల్ పూసి మిషన్ పెట్టి వెతికారు. ఆ కాసేపూ నేను రెప్ప వెయ్యకుండా కావాల్సినదాని వైపే చూశాను. ఎవరు ఎంత ధర చెప్పినా ఇచ్చేసేదాన్ని. చివరికి కుట్టుమిషను తొక్కుతున్నట్టు టకటకమని గుండె చప్పుడు వినిపించింది.

"గుండె బాగుండాది. కదలికలు కూడా సూడాల," అంది డాక్టరమ్మ. "ఎడమ పక్కకు తిరిగి పడుకో. పొట్ట మీద చెయ్యేసుకో. బిడ్డతో మాట్లాడ్తా ఉండు. కదిలినప్పుడల్లా నర్సుకి చెప్పు."

పచ్చ తెర వెనక మంచం మీద పడుకుని పొట్ట మీద చెయ్యి వేశాను. ఆ బిడ్డ కోసమని చెయ్యి వేయడం అదే మొదటిసారి. మాట్లాడమన్నారు, ఏం మాట్లాడాలి? "బంగారూ" అని పెదవుల దాకా వచ్చి ఆగిపోయింది. ఇన్నాళ్లూ పలకరించని మనిషి అవసరం పడ్డాక వరస కలిపినట్టుంది. అలాంటివాళ్లను కొట్టు ముందు రోజూ చూస్తాను, అరువు అడగడానికి వస్తారు. ఇంకేమీ తోచక, బుద్ధెరిగినప్పటి నుంచి నోట్లో నానుతున్న కొట్టు మాటే చిన్నగా అన్నాను.

"రామ్మా, రా. తీసుకోకపోయినా పర్వాలేదు, సూసి పో."

తన్నింది. సరిగ్గా చేతి కింద, గట్టిగా.

"కొత్త రకాలు వచ్చిండాయి. సూసి పోమ్మా."

మళ్లీ తన్నింది.

తెరకు అవతలి మంచం మీది ఆమె అడిగింది. "ఏం అమ్ముతా ఉండావు తల్లీ ఈడ?"

"గాజులు," అన్నాను.

"ఈడ గూడా వదల్లేదా యాపారం!"

దిండులో ముఖం దాచుకున్నాను. నేను మాట్లాడటం లేదని నేను అనుకున్నాను గాని, అది పొద్దుగూకులూ వింటూనే ఉంది. వచ్చేపోయే ఆడవాళ్లను నేను అక్కా అనీ తల్లీ అనీ పిలవడం, బతిమాలడం, వాళ్ల చేతుల మీద గాజుల సద్దు. తన కోసం నేను ఒక్క మాటా అనకపోతే, పరాయివాళ్లకు చెప్పిన మాటల్లోంచే నా గొంతు ఏరుకుంది. నర్సుకు చెప్పడం కూడా మరిచిపోయాను. ఆమే వచ్చి అడిగింది, అప్పటికి అది ఇంకా తంతూనే ఉంది.

తొమ్మిదో నెలలో గాజులు నేనే అడిగాను. నాయన పెట్టెలు దించి, ఏ రంగు తీయమంటావన్నాడు. నేను చెయ్యి చాపి, నచ్చిన పెట్టె మీదనే వేలు పెట్టాను.

"ఇది నాయనా. ఇదే కావాల."

ఆయన నా ముఖంలోకి చూశాడు. "బేరం మర్సిపోయినావే!"

"మర్సిపోలా నాయనా. సిగ్గేస్తా ఉండాది."

ఆయన పెట్టె విప్పాడు. చెయ్యి ఒత్తి, ఒక్కొక్కటే తొడిగాడు.

కూతురు పుట్టింది, బాగుంది. ఏడుపు మానకపోతే ఇప్పటికీ ఆ కొట్టు మాటే చెబుతాను. ఆగుతుంది. చూసినవాళ్లు నవ్వుతారు, నేనూ నవ్వుతాను.

ఇక బిల్లు, తగ్గింపు లేకుండా. మొదటి బిడ్డ పోయింది నేను మాట్లాడినందుకు కాదు, రెండో బిడ్డ నిలిచింది మాట్లాడనందుకూ కాదు. నా బేరానికి అవతల ఎవరూ కూర్చుని లేరు. మొదటి బిడ్డకు ఈ లోకంలో దక్కినవి నేను చెప్పిన ఆ కాసిని కథలే. వాటిని నష్టమన్నాను. రెండోదాని దగ్గర దాచుకున్న మాటలను లాభమన్నాను. అయిదో నెలలో ఒక మధ్యాహ్నం అది తనంతట తాను నన్ను మొదటిసారి పలకరించింది. నేను శనగల మీదికి తోసేసి, గల్లాపెట్టె దగ్గరికి జరిగాను.